సాంచాల గల్లీలో బియ్యం దొంగ

"నా కొడుకు హోటల్ ఎత్తేస్తరట బిడ్డా! దొంగల అడ్డ అని పేరు పెడుతుండ్రు."

చాంద్‌బీ కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చేసింది. కరీంనగర్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరున్న నర్మద ఆమెకు మంచినీళ్లిచ్చి, సంగతంతా రాబట్టింది. చొప్పదండిలో ఆ గల్లీని ఇంకా సాంచాల గల్లీ అనే అంటారు. సాంచాలంటే మరమగ్గాలు. షెడ్ల యజమాని కరుణాకర్ నిరుడు వాటిని తీయించి, షెడ్లను బియ్యం గోదాములు చేశాడు. ఆ తర్వాత గల్లీలో మోటారు సైకిళ్లు చోరీ అయ్యాయి. ఇప్పుడు గోదాములో బస్తాలు పోతున్నాయి. చాంద్‌బీ కొడుకు మునీర్ నడిపే చాయ్ హోటల్ వల్లే దొంగలు వస్తున్నారని కరుణాకర్ పట్టుదల. హోటల్ జాగా కూడా అతనిదే, సాయంత్రానికి దొంగ తేలకపోతే ఖాళీ చేయాల్సిందేనట.

మధ్యాహ్నానికల్లా నర్మద, ఆమె సహాయకుడు రాకేశ్ గల్లీలో ఉన్నారు. రెండువైపులా కిటికీల్లేని గోడలు, మూసిన షట్టర్లు. హోటల్ ముందు మాత్రం ఒక్క మనిషి చాయ్ తాగుతున్నాడు. గోదాము కాపలాదారు బాలమల్లు.

"మొదటి నుంచి కాపలానేనా అన్నా?"

"కాదమ్మా. గీ షెడ్డులనే సాంచాలు నడిపిన. అప్పుడు రాత్రి పగలు మనుషులే. దొంగ అడుగు పెట్టకపోతుండె."

"ఆ సాంచాలేమైనయి?"

"సుల్తానాబాద్ల దాచిండు మా సేటు."

గోదాము తాళం పగల్లేదు. బస్తాల వరుసకు కట్టిన తాడును దొంగ కోశాడు. వింతేమిటంటే, కోసిన తాడును మళ్లీ ముడివేశాడు. చిన్న ముడి, కొసలు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. మునీర్ హోటల్ పరదా తాళ్లకు పిడికిలంత ముళ్లు, జానెడు కొసలు. రాకేశ్ రెండింటికీ ఫోటోలు తీశాడు, ఎందుకో పాపం అతనికే తెలియదు.

సాయంత్రం నర్మద అందరినీ హోటల్‌లో కూర్చోబెట్టి, తలా రెండు దారపు ముక్కలిచ్చింది. "కలిపి ముడేయండి."

కరుణాకర్ విసుక్కుంటూ వేశాడు. మునీర్ వేశాడు. ఇద్దరి ముళ్లకూ కొసలు వేలాడాయి. బాలమల్లు వేళ్లు రెప్పపాటులో చిన్న ముడి వేశాయి. కొసలను పళ్లతో కొరికాడు. కొరికాక ఆగిపోయాడు.

"సాంచా మీద పోగు తెగితే కొస మిగలొద్దు. మిగిలితే పక్క పోగును తెంపుతది," అంది నర్మద. "దొంగకు తాడు కట్టే పనేముంది? తెగింది చూసి ఊకోలేని చెయ్యి గది. తాళంచెవి గూడ నీ దగ్గరనే ఉంటది. బస్తాలు ఏడున్నయి మల్లన్నా?"

"ఇంట్లనే ఉన్నయమ్మా. ఒక్క గింజ ముట్టలే." బాలమల్లు తల దించుకున్నాడు. "ఎవలో మోటరు సైకిళ్లు ఎత్తుకపోయినప్పుడు నాకీ ఉపాయం తోచింది. గోదాముల నష్టమైతే సేటు మళ్ల సాంచాలు పెడ్తడనుకున్న. మునీర్ మీదికి వస్తదనుకోలే."

"సాంచాలెక్కడివి మల్లూ?" కరుణాకర్ గొంతు తగ్గింది. "మీరు పరేషాన్ అయితరని, దాచిన అని అబద్ధం చెప్పిన. అప్పుడే పాత ఇనుము కింద అమ్మేసిన."

 బాలమల్లు తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి, చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు. కరుణాకర్ పోలీసుల మాట ఎత్తలేదు, ఆపనూ లేదు.

"హోటల్ జోలికి పోకుండ్రి," అంది నర్మద అతనితో. "మనుషులను మీరే ఎల్లగొట్టిండ్రు. గీ గల్లీని చూసే కండ్లు ఇగ గీ హోటల్‌వే."

కేసు తేలినందుకు రాకేశ్ పొంగిపోతున్నాడు. నర్మదకు మాత్రం గెలిచినట్టు లేదు, మనసంతా బరువుగా ఉంది. ఆమె హోటల్ మెట్లు దిగుతుంటే మునీర్ వెనకనుంచి మెల్లగా అన్నాడు.

"హోటల్ నిలబెట్టిండ్రు, మీ మేలు మరువను మేడం. కాని రోజూ ఈడ చాయ్ తాగేది మల్లన్న ఒక్కడే. రేపటినుంచి ఎవరికి పొయ్యాలె?"