మోటార్ల ఆటలో ఆఖరి రౌండు

"ఏయ్ సావుకారీ, మా కాగితంలకు తొంగిచూసినవా?"

సుజాత మీదికొచ్చేసరికి భరత్ చేతిలో చాయ్ తొణికింది.

"నేనెందుకు చూస్త? నీ కాగితం నీ ఒళ్లనే ఉంది గద!"

"మరి మేం పద్నాలుగు వేలు పెడితే, నువ్వు వంద తక్కువ ఎట్ల పెట్టినవ్?"

"తెలివి" అన్నాడు భరత్.

అది అబద్ధం.

తొర్రూరులో బావి మోటార్లు అమ్మే కంపెనీ తన ఉద్యోగులకు ట్రైనింగ్ పెట్టింది. కంప్యూటర్‌లో ఆట. ఒక్కో జట్టు ఒక్కో కంపెనీ. ఐదు నిమిషాల్లో మోటారుకు ధర పెట్టాలి. ఎక్కువ లాభం తెచ్చినవాళ్లదే రౌండు. గెలిచినవారు మహబూబాబాద్ కొత్త షోరూమ్‌కు ఇన్‌చార్జి. సకల జనుల సమ్మెతో బస్సుల్లేక వచ్చింది ముగ్గురే. ఒకవైపు సుజాత, ఆమెకు తోడుగా రుక్కి. ఇంకోవైపు భరత్ ఒక్కడే.

"సార్, గీ ఆటల బంద్ ఎప్పుడొస్తది?" రుక్కి అడిగింది.

"బంద్ లేదమ్మా. వాన ఉంది" అన్నాడు ట్రైనర్.

"బంద్ లేని ఊరు యాడుంది సార్? చెప్తే గక్కడికే పోతం."

సుజాత నవ్వలేదు. నాలుగేళ్లుగా ఆమె అమ్మిన మోటార్ల కాగితాల మీద సంతకాలు వేరేవాళ్లవే. ఆ ఇన్‌చార్జి కుర్చీ ఆమెకు కావాలి.

సుజాత, రుక్కి ఇద్దరూ తండావాళ్లే. ధర సంగతి లంబాడీలో గుసగుసలాడుకునేవారు. భరత్ నాయిన సాంబయ్య కిరాణా కొట్టుకు చుట్టుపక్కల తండాలవాళ్లే గిరాకీ. గల్లా దగ్గర పెరిగిన భరత్‌కు ఆ భాష బాగా వచ్చు. మొదటి రౌండులో చెవిన పడింది. రెండో రౌండులో చెవే అటు పోయింది. రెండూ గెలిచాడు.

మూడో రౌండులో సుజాత రుక్కితో లంబాడీలోనే అంది. "దయ్యం గాడు! కానీ నవ్వితే మంచిగుంటడే."

భరత్‌కు పొలమారింది. పద్నాలుగు వేలకు బదులు లక్షా నలభై వేలు కొట్టాడు. ఒక్క మోటారూ అమ్ముడుపోలేదు. ఆ రౌండు సుజాతది. ఇక మిగిలింది ఆఖరిది, దానికి రెట్టింపు మార్కులు.

"సుజాతా, ఒక మాట. నాకు మీ భాష వచ్చు."

రుక్కి నోట్లో మిర్చి బజ్జీ ఆగిపోయింది.

"మొత్తం ఇన్నవా?" సుజాత ముఖం కందిపోయింది.

"నవ్వు ముచ్చట దాకా."

"సిగ్గు లేదా?"

"ఉంది. గందుకే చెప్తున్న. గీ రౌండు వరండాల కూసుంట."

"నీ దయతోని గెలవాల్నా నేను? ఈడనే కూసో!"

రౌండు మొదలైంది. సుజాత చప్పుడు చేయకుండా ధర కొట్టేసింది. తర్వాత కుర్చీ భరత్ వైపు తిప్పి, లంబాడీలో నెమ్మదిగా అడిగింది.

"మీ నాయినను తోల్కొని మా ఇంటికి పిల్లనడగనీకె వస్తవా?"

భరత్ చేయి మీటల మీద అలాగే ఉండిపోయింది. ఆమె కాటుక కళ్లు, బయట మొదలైన చినుకులు తప్ప అతనికి ఇంకేమీ తెలియలేదు.

"టైమ్ అయిపోయింది! భరత్, మీరు ధరే పెట్టలేదు!" ట్రైనర్ నెత్తి పట్టుకున్నాడు.

"గిది దొంగాట" అన్నాడు భరత్.

"నువ్వు రెండుసార్లు ఆడినవ్. నేను ఒక్కసారే."

"అయితే నువ్వడిగింది... ఉత్తగనేనా?" అతని గొంతు తగ్గింది.

"ఆట అయిపోయింది గద? ఇప్పుడు ఇన్‌చార్జి అడుగుతున్నది. జవాబు చెప్పు."

భరత్ లంబాడీలోనే చెప్పాడు, ఒక్క ముక్క తడబడకుండా. సుజాత తల దించుకుని కాగితాలు సర్దసాగింది. ఒకే కాగితాన్ని నాలుగుసార్లు సర్దింది.

"ఏమంటున్నాడమ్మా?" ట్రైనర్ రుక్కిని అడిగాడు.

"ఏం లేదు సార్, బస్సులు నడిచేదాక ఆగడట. ఆయితారం నాయినను బండి మీద కూసోబెట్టుకొని వస్తడట."