రెండడుగులు వేసి కూర్చున్న కైరత్

జిబెక్‌ను మొదటిసారి చూసిన రోజే ఆమె నా పరువు తీసింది. అదీ నా ఎదురుగా కూర్చుని, నేనెవరో తెలియకుండా.

కిర్గిజ్‌స్తాన్‌లో కరకోల్ అనే ఊళ్ళో మా కాలేజీ స్టాఫ్ రూమ్. బయట సెప్టెంబరు వాన. బల్ల మీద నూనెలో వేయించిన పిండి ముక్కల బోర్సోక్ గిన్నె, చుట్టూ చల్లారుతున్న టీ కప్పులు. మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజిక్స్ కోర్సును కిర్గిజ్ భాషలో తయారుచేయడానికి నరిన్ నుంచి ఒకమ్మాయి వస్తోందని ప్రిన్సిపాల్ కనిషాయ్ గారు ముందే చెప్పారు. ఆ కోర్సు చెప్పాల్సింది నేను కాబట్టి నేను సరేనంటేనే అది శుక్రవారం కాలేజీ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది.

"మన పిల్లలకు సరిపోయే పుస్తకం మన భాషలో లేదు," అంది ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరుస్తూ. "అందుకని టీచర్లు అందరికోసం ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠాలు వెతికాను. ఎవరైనా తీసుకోవచ్చు, తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకోవచ్చు, మళ్ళీ అందరికీ ఇవ్వొచ్చు. రాసినవాళ్ళ పేరు మాత్రం తియ్యకూడదు. వేగం గురించి ఒకటి దొరికింది. వినండి, భలే ఉంటుంది."

చదవడం మొదలుపెట్టింది.

"ఏడాది నిండిన కైరత్ కాళ్ళకు నలుపూ తెలుపూ కలిపి పేనిన ఉన్ని తాడు కట్టారు. వాడు బొద్దుగా ఉండేవాడు. నిలబెడితే పడేవాడు, పడితే దొర్లేవాడు. వీధి పిల్లలంతా పరుగుపందేనికి దిగారు. ముందొచ్చినవాళ్ళు తాడు కోస్తారు. దూరం యాభై మీటర్లు, సమయం పది సెకన్లు. గెలిచినవాళ్ళ వేగమెంత?"

తాడు కోస్తే పిల్లల నడక సాఫీగా సాగుతుందని మా దగ్గర ఏడాది నిండినప్పుడు చేసే వేడుక అది. గదిలో ఎవరో గట్టిగా దగ్గారు. లెక్కలు చెప్పే ఉసెన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగారు. "అమ్మాయీ, ఆ కైరత్ ఇప్పటికీ అలాగే దొర్లుతున్నాడా?"

"అది పాఠంలో లేదండీ."

"పాఠంలో లేకపోతేనేం, నీ ఎదురుగా కూర్చున్నాడు. అడిగెయ్."

ఆమె నావైపు చూసింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తరవాత ముఖం.

"కైరత్ అంటే ఊరికి పదిమంది ఉంటారు కదా అనుకున్నాను."

"ఆ పాఠం రాసింది మా అమ్మ," అన్నాను.

"ఆవిడకు మెయిల్ పెట్టానండీ. జవాబు రాలేదు. మీరు ఒకసారి మాట్లాడిస్తే..."

"జనవరిలో పోయింది."

బోర్సోక్ గిన్నె వైపు వెళ్తున్న ఉసెన్ గారి చెయ్యి మధ్యలో ఆగింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

ఆమె వరండా చివర్లో నన్ను అందుకుంది. ఆయాసపడుతోంది. ల్యాప్‌టాప్ గుండెలకు హత్తుకుని ఉంది.

"క్షమించండి, అగాయ్. నాకు తెలీదు."

మా దగ్గర మాష్టార్లను అలాగే పిలుస్తాం. ఆ పిలుపులోని మర్యాద వల్ల కోపం కాస్త తగ్గాలి. తగ్గలేదు.

"ఆ పాఠంలో అమ్మ వీధి మగపిల్లలు పరిగెత్తారని రాసింది. మీరు పిల్లలంతా అని చదివారు."

"మార్చాను. కోర్సు చదివేవాళ్ళలో సగం మంది ఆడపిల్లలు. వాళ్ళు కూడా పరిగెత్తాలి కదా."

"చివర ఒక ప్రశ్న ఉండాలి."

"తాడు కోశాక కైరత్ రెండడుగులు వేసి కూర్చున్నాడు, ఎందుకు? అదేనా? తీసేశాను." మెల్లగా చెప్పింది గానీ తడబడలేదు. "కోర్సు మొదలుపెట్టేముందు నేను ఒకటి రాసుకుంటాను. పాఠం అయ్యేసరికి పిల్లలు ఏం చెయ్యగలగాలి అని. ఇక్కడ వేగం లెక్కకట్టగలగాలి. ఆ ప్రశ్నకు ఫిజిక్స్‌లో జవాబు లేదు."

"మార్చడానికి మీకెవరు అనుమతి ఇచ్చారు?"

"మీ అమ్మగారు."

నేను వాన వైపు తిరిగాను.

"ప్రతి పాఠం కిందా ఆవిడే రాశారు, తీసుకోండి, మార్చుకోండి అని. మీరు చివరిదాకా చదివారా, అగాయ్?"

"మా అమ్మ పాఠం నేను చదవక్కర్లేదు. నాకు నోటికొచ్చు. ఉన్నది ఉన్నట్టు పెట్టండి. లేదా పూర్తిగా వదిలేయండి."

వాన జోరు పెరిగింది. ఆమె ల్యాప్‌టాప్ తడవకుండా అటు తిప్పుకుంది.

"వాడుకునే హక్కు నాకుంది. కానీ మీకు ఇష్టం లేకుండా వాడను," అని వెనక్కి వెళ్ళిపోయింది.

గొడవపడితే బాగుండేది. ఇలా ఒప్పుకునేసరికి ఎటూ తోచలేదు.

మర్నాడు క్యాంటీన్‌లో కిటికీ పక్కన కూర్చుని పనిచేసుకుంటోంది. పక్కనుంచి వెళ్తుంటే తల ఎత్తకుండానే పలకరించింది.

"అగాయ్, మన పిల్లలు మెట్రో రైలు ఎక్కారా?"

"వాళ్ళలో చాలామంది రైలే ఎక్కలేదు."

"నేనూ అదే అనుకున్నాను. ఇంకో మంచి పాఠం దొరికింది. మెట్రో స్టేషన్లో కదిలే మెట్ల మీద ఒకాయన పైకి నడుస్తుంటాడు. మెట్లేమో కిందికి వస్తుంటాయి."

"ఎందుకట?"

"ఒక వేగంలోంచి ఇంకో వేగం తీసెయ్యడానికి. పిల్లలు మాత్రం ఆయనకు పిచ్చా అని అడుగుతారు." అప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టు. "ఆయన్ని గొర్రెల మంద వెనక నడిపిద్దామని చూస్తున్నాను. గొర్రెలు ఒప్పుకోవడం లేదు."

నవ్వొచ్చింది. నవ్వలేదు. జనవరి నుంచి ఆ అలవాటు తప్పింది.

ఆరోజు నా క్లాసులో పాత రష్యన్ పుస్తకమే చెప్పాను. రెండు ఊళ్ళ మధ్య సరుకు రైలు, దాని వేగం. కొండ ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. అల్మాగుల్ అనే అమ్మాయి చెయ్యెత్తి, "సరుకు అంటే ఏం సరుకు, అగాయ్?" అని అడిగింది. చెప్పాను. మిగిలిన గంటలో ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆదివారాలు రావలసిన సైరా పిన్ని బుధవారమే వచ్చింది. అమ్మకు చెల్లెలు. ఉసెన్ గారి భార్యకు స్నేహితురాలు. కాబట్టి నేను చెప్పకముందే ఆవిడకు అంతా తెలుసు.

"పాపం ఆ పిల్లను ఏడిపించావట," అంది, సంచీలోంచి ఆపిల్స్ తీసి బల్ల మీద పేరుస్తూ.

"ఏడవలేదు. గొర్రెలతో తంటాలు పడుతోంది."

"ఏంటీ?"

"ఏం లేదు. అమ్మ రాసినదాన్ని మార్చింది, పిన్నీ. అమ్మ మాటలు. ఇంకెక్కడ దొరుకుతాయి అవి?"

పిన్ని ఆపిల్ పక్కన పెట్టేసింది. నా ముఖంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు అచ్చం అమ్మదే.

"మీ అమ్మ కొడుకువై ఉండి నువ్వా మార్చడం గురించి మాట్లాడేది? నా పెళ్ళి గౌను చేతులు కత్తిరించి తను వేసుకుంది. నేను చేసిన పలావులో పుల్లటి ఆపిల్ వేసి, సైరా పలావు అని ఊరంతా తినిపించింది. నా పేరు మాత్రం తియ్యలేదులే, ఆ న్యాయం ఉంది. అసలు ఆ తాడు పాఠం ఎక్కడిదో తెలుసా నీకు?"

"అమ్మది."

"చివరిదాకా చదువు నాయనా. ఫిజిక్స్ మాష్టారివి."

రెండో మనిషి కూడా అదే మాట అనేసరికి ఫోన్ తీశాను. అమ్మ పాఠం తెరిచి, నాకు నోటికొచ్చిన భాగం దాటి, ఇంతవరకు ఎప్పుడూ వెళ్ళని అట్టడుగుకు వెళ్ళాను. అమ్మ పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో పేరుంది. కజకిస్తాన్‌లో ఒక టీచరు. ఊరు తాల్దికొర్గాన్. పక్కనే ఆవిడ పాఠం.

అందులో పందెం లేదు. కజఖ్‌ల ఇళ్ళలో పరుగుపందెం పెట్టరు. చలాకీగా నడిచే పెద్దావిడ ఒకరు వచ్చి తాడు కోస్తుంది. పిల్లవాణ్ణి తెల్లటి గుడ్డ మీద నడిపిస్తారు. ఆ గుడ్డ పొడవు, వాడు నడిచిన సమయం, వాడి వేగం. పిల్లవాడి పేరు దౌరెన్. వాడు గుడ్డ చివరిదాకా బుద్ధిగా నడిచాడు.

అమ్మ ఆ పెద్దావిణ్ణి పంపించేసింది. తెల్లగుడ్డ తీసేసింది. వీధి పిల్లల్ని తెచ్చింది. దౌరెన్ స్థానంలో నన్ను దొర్లించింది. ఆ చివరి ప్రశ్నకు మాత్రం దౌరెన్ పాఠంలో ఆనవాలు కూడా లేదు, అది పూర్తిగా అమ్మదే.

నాకు నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. నవ్వుతూ నవ్వుతూ ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. పిన్ని లేచి టీ పెట్టింది. ఎనిమిది నెలలుగా ఛాతీ మీద ఉన్న బరువేదో కాస్త పక్కకు జరిగింది. నేను ఇన్నాళ్ళూ తాళం వేసి కాపాడినదాన్ని అమ్మ ఎప్పుడో వీధిలోకి వదిలేసింది.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ వాన. బజారులో అష్లాన్‌ఫూ అమ్మే కొట్టు రేకు కింద జిబెక్ నిలబడి ఉంది. చేతిలో గిన్నె, భుజాన తడిసిన బ్యాగు. చల్లటి నూడుల్స్ ఆ చలిలో తినాలంటే కారం మీద చాలా ప్రేమ ఉండాలి. పక్కన వెళ్ళి నిలబడ్డాను.

"గొర్రెలు ఒప్పుకున్నాయా?"

"లేదు. రేపు కౌన్సిల్‌లో వేగం పాఠం దగ్గర ఖాళీ చూపిస్తాను. అంతే."

"చివరిదాకా చదివాను."

గిన్నెలోంచి తల ఎత్తింది. ముక్కు ఎర్రగా ఉంది, చలికో కారానికో.

"దౌరెన్ మంచి పిల్లాడు," అన్నాను. "గుడ్డ చివరిదాకా నడిచాడు."

"అవును. కానీ బొద్దుగా లేడు," అంది గంభీరంగా. ఆ తరవాత ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

"ఆరోజే ఎందుకు చెప్పలేదు, అది వేరేవాళ్ళ పాఠమని?"

"అడిగాను కదా, చదివారా అని. ఇంకా గట్టిగా చెప్పి ఉంటే, మీ అమ్మగారిది కూడా కాదని మీ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఉండేది. అది మీ అంతట మీరు చూడాలి."

రేకు మీంచి కారుతున్న నీళ్ళ నుంచి కాస్త పక్కకు జరిగాను.

"పాఠం వాడుకోండి. ఆడపిల్లలు కూడా పరిగెత్తాలి, మీరన్నదే సరి. కానీ ఆ చివరి ప్రశ్న..."

"దాని జవాబేంటి, అగాయ్?"

"తెలీదు. చిన్నప్పటినుంచీ అమ్మను అడిగేవాణ్ణి. నువ్వే చెప్పాలి, కూర్చున్నది నువ్వే కదా అనేది."

జిబెక్ గిన్నె కింద పెట్టి బ్యాగు సర్దుకుంది.

"సాయంత్రం మీ క్లాసుంది కదా. ఇద్దరం కలిసి చెప్పి చూద్దాం. పిల్లలకు పనికొస్తే ఉంచుతాను. పనికిరాకపోతే మీరు నన్ను ఏమీ అనకూడదు."

"అనను."

"ముఖం కూడా అలా పెట్టకూడదు."

"ఎలా?"

"ఇప్పుడు పెట్టినట్టు."

ఆ సాయంత్రం క్లాసులో బల్లలు గోడకు నెట్టించింది. తాడు కట్టడానికి బొద్దుగా ఉన్నవాళ్ళెవరని అడిగితే పిల్లలంతా నావైపు చూశారు. వరండాలో పందెం పెట్టింది. అల్మాగుల్ మగపిల్లలందరినీ దాటేసి వచ్చి, ఆయాసపడుతూనే తన వేగం తనే బోర్డు మీద లెక్క వేసుకుంది. చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పిల్లలేనా వీళ్ళు అనిపించింది. మా వీధిలో పందెం ఆపిల్ తోటలో పెడతాం, చెట్లు అడ్డమొస్తాయి, అప్పుడు దూరం ఎలా కొలవాలి అని ఒకడు వాదనకు దిగాడు.

చివర్లో జిబెక్ ఆ ప్రశ్న చదివింది. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"తాడు కోశాక కైరత్ రెండడుగులు వేసి కూర్చున్నాడు. ఎందుకు?"

"కాళ్ళు తిమ్మిరెక్కాయి," అన్నాడొకడు.

"బరువెక్కువ," అన్నాడు ఇంకొకడు. నవ్వులు.

అల్మాగుల్ నవ్వలేదు. "వాళ్ళమ్మ వెనకే ఉండిపోయింది కదా, ఎజేకే," అంది జిబెక్‌తో, టీచరమ్మను పిలిచినట్టు. "ఆవిడ వచ్చేదాకా ఆగాడు."

జిబెక్ నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు తెలిసింది. బోర్డు వైపు తిరిగి, వేగం లెక్క పక్కన, ఆ జవాబు కూడా మెల్లగా రాసింది. నేను తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. వాన వెలిసింది. గాలిలో తడిమట్టి వాసన. చాలాసేపు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

శుక్రవారం కౌన్సిల్‌లో ఉసెన్ గారు ఒక్కటే అడిగారు. ఫిజిక్స్‌లో జవాబు లేని ప్రశ్న ఫిజిక్స్ కోర్సులో ఎందుకని.

"పాఠం అయ్యేసరికి పిల్లలు ఏం చెయ్యగలగాలి అన్నచోట ఇంకో మాట చేర్చానండీ," అంది జిబెక్. "ఎదుటివాడు ఎందుకు ఆగాడో అడగగలగాలి."

కనిషాయ్ గారు సంతకం పెట్టేశారు.

కోర్సులో ఇంకా చాలా పాఠాలు మిగిలాయి. వాటికోసం రోజూ సాయంత్రం కూర్చునేవాళ్ళం. కొలిమి పాఠం ఎక్కడో ఆఫ్రికా నుంచి, మరిగే నీళ్ళ పాఠం నేపాల్ కొండలనుంచి తెచ్చింది. ఏది మార్చాలో, ఏది వదలాలో వాదించుకునేవాళ్ళం. ఎప్పుడు అగాయ్ పోయి కైరత్ అయ్యానో గుర్తులేదు. ఇంటిదాకా దింపినప్పుడు మాత్రం ఇద్దరం ఏదో చెప్పబోయి ఆగిపోయేవాళ్ళం. ఏడాది తిరగకుండా మా ఇంట్లో శుభకార్యం మాటెత్తకూడదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె ఎప్పుడూ తొందరపెట్టలేదు.

జనవరిలో అమ్మ సంవత్సరీకం అయింది. గుర్రం మాంసం వండారు, ఊరంతా వచ్చి తిన్నారు, పెద్దలు దువా చదివి ప్రార్థన చేశారు. జనమంతా వెళ్ళాక, మంచు ఊడ్చిన పెరట్లో జిబెక్ గిన్నెలు సర్దుతుంటే పక్కన నిలబడ్డాను.

"ఒకటి అడగాలి. జవాబు ఫిజిక్స్‌లో లేదు."

"అడుగు."

"రెండడుగులు వేసి కూర్చునేవాడితో కలిసి నడవగలవా?"

ఆమె గిన్నె మీద గిన్నె పెట్టింది. చెవులు ఎర్రబడటం చూశాను.

"అల్మాగుల్ ఎప్పుడో చెప్పేసింది కదా," అంది. "వెనకున్నవాళ్ళు వచ్చేదాకా ఆగేవాడని. నేను అప్పుడే బయలుదేరాను. నువ్వే చూసుకోలేదు."

మార్చిలో సైరా పిన్ని, నేను జిబెక్ వాళ్ళింటికి నరిన్ వెళ్ళాం. మా దగ్గర పెళ్ళి ఖాయం చేసుకునేటప్పుడు అమ్మాయి చెవులకు పోగులు పెట్టాల్సింది అబ్బాయి తల్లి. పిన్ని చేతిరుమాలు విప్పి అమ్మ వెండి పోగులు తీసింది. జిబెక్‌ను దగ్గరికి పిలిచింది.

"ఇలా తిరుగమ్మా. అక్క ఉంటే ఈపాటికి వీటికి పగడాలు కూడా పొదిగించి ఉండేది. ఉన్నది ఉన్నట్టు ఉంచడం తనకు చేతకాదు."

"నేను పొదిగించుకోవచ్చా, పిన్నీ?" అంది జిబెక్.

"పొదిగించుకో. కానీ ఎవరివని అడిగితే అక్క పేరు చెప్పు."

పాఠం కింద ఇప్పుడు నాలుగు పేర్లున్నాయి. తాల్దికొర్గాన్ టీచరు, అమ్మ, జిబెక్, నేను. పోయిన వారం జిబెక్ ఫోన్ తెచ్చి చూపించింది. బాత్కెన్ వైపు ఎవరో మా పాఠాన్ని తీసుకుని మళ్ళీ మార్చారు. పందెం ఆప్రికాట్ పళ్ళు ఎండబెట్టే కళ్ళంలో జరిగింది. కైరత్ పేరు తీసేసి ఒక ఆడపిల్ల పేరు పెట్టారు.

చివరిదాకా చదివాను. ఆ పిల్ల కూడా రెండడుగులు వేసి కూర్చుంది.