మంచిగనే ఉన్న బిడ్డా

తెల్లవారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి, ట్రాలీ ఆటో నిండా కూరగాయలు ఎక్కించుకుని, హోటళ్లకూ హాస్టళ్లకూ వేసి రావడం సుభాన్ పని. దారిలో బోయిగూడలోని ఇంటి ముందు ఆటో ఆపి టీ తాగుతాడు. మళ్లీ బయల్దేరేముందు, గుమ్మం పక్క మంచం మీద కూర్చున్న తల్లిని ఒక మాట అడుగుతాడు.

"అమ్మా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న బిడ్డా. పైలంగ పో," అంటుంది జైతున్ బీ.

అంతే. ఆ మాట చెవిన పడితే సుభాన్‌కు ఆ రోజుకు కొడుకు పని అయిపోయినట్టే. బస్తీలో అందరూ 'కొడుకంటే సుభాన్ లెక్క ఉండాలె' అంటారు. అనరా మరి? రోజూ తల్లిని పలకరించే కొడుకులు ఈ కాలంలో ఎంతమంది? కాకపోతే పలకరించడం వేరు, చూసుకోవడం వేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ బుధవారం మాత్రం సుభాన్ వచ్చి తల్లి పక్కన మంచం మీదే కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే ఏదో పని పడిందన్నమాట.

"అమ్మా, జెర నాతోని రావాలె. రెజిమెంటల్ బజార్ కాడ దయాకర్ సార్ వృద్ధాశ్రమం ఉంది కదా, ఇయ్యాల సర్కారోళ్లు చెకింగ్‌కు వస్తున్నరట. రాసిచ్చినంత మంది ముసలోళ్లు లేరు ఆడ. కొంచెంసేపు కూసుంటే చాలు. పగటికి బిర్యానీ సుత పెడ్తరు."

వంటింట్లోంచి భార్య షిరీన్ బయటికొచ్చింది. "ఏందీ? ఇంత మంది ఇంట్ల ఉండంగ అత్తమ్మను దిక్కులేనోళ్ల మధ్యల కూసోబెడ్తవా? అల్లా మెచ్చుతడా?"

"నువ్వు జెర ఊకో. రోజూ మన కూరగాయలే తీసుకుంటడు ఆయన. కాదంటే రేపటి సంది ఇంకొకని కాడ తీసుకుంటడు."

"ఎందుకు లొల్లి? పోత తియ్యి," అంది జైతున్ బీ నవ్వుతూ. "పొద్దాక గీ మంచమేనాయె. నాలుగు మొఖాలన్న చూసొస్త."

గోడ పట్టుకుని లేచింది. నడి ఎండాకాలంలో కూడా కాళ్లకు మందపాటి సాక్సులున్నాయి. కాలేజీకి తయారవుతున్న మనవరాలు అఫీఫా అది చూసి ఆగింది.

"దాదీ, గీ ఎండల సాక్సులేంది? నమాజుకు వజూ చేసేటప్పుడు సుత కాళ్లు కడుగుతలేవు. సాక్సుల మీదనే తడిచెయ్యి తుడుస్తున్నవు."

"ముసలి పానం బిడ్డా. చలి పెడ్తది."

మే నెలలో చలేమిటని అఫీఫా అడగబోయింది. కానీ బస్సు టైమైంది, పరుగెత్తింది.

ఆశ్రమంలో దయాకర్ ఆమెను కిటికీ పక్క మంచం మీద కూర్చోబెట్టి మాటలు నేర్పాడు. "పిల్లలున్నరా అంటే ఎవ్వరు లేరను. తిండి ఎట్లుందంటే మంచిగుందను. ఎక్కువ మాట్లాడకు పెద్దమ్మా."

కాసేపటికి ఆఫీసర్ అనుపమ వచ్చింది. వెంట గ్రేసీ అనే నర్సు ఉంది. సుభాన్ టమాటా ట్రే ఎత్తుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. అందరినీ పలకరిస్తూ అనుపమ కిటికీ దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మా, మీకు పిల్లలున్నారా?"

"ఎవ్వరు లేరమ్మా."

నేర్పిన మాటే. నేర్పించడానికి తీసుకొచ్చింది కూడా తనే. అయినా తల్లి అంత తడుముకోకుండా అనేసరికి సుభాన్ గుండె కలుక్కుమంది.

"ఒంట్లో ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్న బిడ్డా."

ఆ మాట వినగానే సుభాన్ అయితే రోజూ వెళ్లి ఆటో ఎక్కేవాడు. అనుపమ కదలలేదు. "ఇందాక బాత్రూమ్‌కు వెళ్తుంటే చూశాను, ఎడమ కాలు ఆనించడం లేదు మీరు. గ్రేసీ, ఆ సాక్సు తీసి చూడమ్మా."

"వద్దు వద్దు, ఏం లేదు," అంటూ జైతున్ బీ కాళ్లు ముడుచుకుంది. గ్రేసీ కింద కూర్చుని, బుజ్జగించి సాక్సు లాగింది. రాలేదు. పుండుకు అతుక్కుపోయింది. నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీసేసరికి పక్క మంచం ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చిటికెన వేలు నల్లబడిపోయి ఉంది.

"షుగర్ ఉందా మీకు? ఎప్పటి నుంచి ఇది?"

"రంజాన్ నెల సంది అమ్మా."

అనుపమ దయాకర్ వైపు తిరిగింది. "ఏమండీ, మనిషి కాలు కుళ్లిపోతుంటే చూసే దిక్కు లేదా ఇక్కడ? రోజూ ఈమె పక్కనే తిరుగుతూ, అన్నం పెడుతూ, ఒక్కరికీ కనబడలేదా? అసలు మనుషులేనా మీరు?"

దయాకర్ ఇరుకున పడ్డాడు. ఈమె మా మనిషి కాదంటే దొంగ లెక్క బయటపడుతుంది, మా మనిషే అంటే ఈ పాపం నెత్తిన పడుతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి సుభాన్ వైపు చూశాడు. సుభాన్ ట్రేలోని టమాటాల వైపు చూశాడు. 'ఆమె మా అమ్మ మేడం' అన్న మాట నాలుక చివర దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. జైతున్ బీ కొడుకును చూసింది. మెల్లగా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆశ్రమం బండిలోనే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. కన్నకొడుకు పరాయివాడిలా వెనకాల ఆటోలో వెళ్లాడు. ఆ సాయంత్రమే వేలు తీసేశారు. కొన్నాళ్లు ముందొచ్చినా దక్కేదన్నాడు డాక్టర్.

ఇంటికొచ్చిన సుభాన్ కోపమంతా షిరీన్ మీద పడింది. "పొద్దంత ఇంట్లనే ఉంటవు గద! కండ్లు ఏడ పెట్టుకున్నవు?"

"మిషన్ మీద ఉన్నయి నా కండ్లు! బట్టలు కుడితెనే గద పిల్ల ఫీజు ఎల్లేది!" షిరీన్ కూడా తగ్గలేదు. "ఆమె నీ తల్లి గాదా? కంటి ఆపరేషన్ అయినప్పుడు నువ్వేమన్నవో యాదికుందా? 'గీ ముసల్దానితోని నా గిరాకంత ఖరాబైంది' అన్నవు. అత్తమ్మ మేలుకునే ఉండె. గప్పటి సంది ఒక్కనాడన్న ఒక్క నొప్పి చెప్పిందా ఆమె?"

సుభాన్ కూలబడ్డాడు. ఆ మాట ఎప్పుడో విసుగులో అన్నాడు, మర్నాటికే మర్చిపోయాడు. పడినవాళ్లు మర్చిపోతారా? షిరీన్ కూడా అతని పక్కనే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నాకు వాసనొచ్చింది. ఎలుక చచ్చిందేమో అనుకుని మంచం కింద రెండుసార్లు ఊడ్చిన. ఆమె కాలు దిక్కు సూడలే. నన్ను ఏం జేస్తడో ఆ అల్లా."

ఆసుపత్రి నుంచి జైతున్ బీని మళ్లీ ఆశ్రమానికే పంపారు. రోజూ కట్టు మార్చాలని, తను వచ్చి చూస్తానని అనుపమ గట్టిగా చెప్పి వెళ్లిందట. అనుపమ కన్నుగప్పి తల్లిని చాటుగా ఇంటికి తెచ్చేసుకుందామని రెండు రోజులాగి సుభాన్ వెళ్లాడు.

"లే అమ్మా, పోదాం ఇంటికి."

"నేను రాను బిడ్డా. ఈడనే మంచిగుంది. పొద్దుగాల్నే వచ్చి కాలు ఇప్పి చూస్తున్నరు."

"ప్రేమతోని చూస్తున్నరా అమ్మా? ఆ మేడం వస్తదని భయంతోని చూస్తున్నరు!"

"ఎట్లనో అట్ల చూస్తున్నరు గద." ఆమె గొంతులో కోపం లేదు. అదే సుభాన్‌ను ఎక్కువ కోసింది. "మనింటికి ఏ మేడం వస్తది బిడ్డా?"

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అతనింకా తేరుకోకముందే అనుపమ లోపలికొచ్చింది. వెనకాల దయాకర్ చేతులు కట్టుకుని వస్తున్నాడు.

"మీరు కూరగాయలు తెచ్చేవారు కదా? ఈమెతో ఏం పని మీకు?"

దయాకర్ కళ్లతోనే వద్దని సైగ చేశాడు. సుభాన్ ఈసారి అతని వైపు చూడలేదు.

"ఈమె మా అమ్మ మేడం. ఈడ మనిషి కాదు. మంది తక్కువ వడ్డరంటే నేనే తోలుకొచ్చి కూసోబెట్టిన. ఆ పుండు ఈడ కాలే, మా ఇంట్ల అయింది. మొన్న మీరు మనుషులేనా అని అడిగినప్పుడు నేను ఆ గుమ్మంలనే ఉన్న. మీరు అడగాల్సింది నన్ను."

 అనుపమ చేతిలోని ఫైలు తెరిచింది.

"ఈయన చేసిన మోసం సంగతి నేను చూస్తాను, రాయాల్సింది రాస్తాను. నోటీసు కూడా వస్తుంది," అంది దయాకర్‌ను చూపించి. "మీ ఇంటి సంగతి నేనెక్కడ రాయను? అందుకు మా దగ్గర కాగితం లేదు."

దయాకర్ పళ్లు కొరుకుతూ, "రేపటి సంది నా గేటు తొక్కకు," అన్నాడు. సుభాన్ తలూపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని అతనికీ తెలుసు.

వెనక నుంచి తల్లి గొంతు వినబడింది. "సుభానూ, నా చెప్పు ఇటియ్యి. పోదాం."

మంచం కింది నుంచి రెండు చెప్పులూ తీశాడు. కట్టున్న కాలు వైపు చూసి ఒకటి చేతిలోనే పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున షిరీన్ ఇచ్చిన టీ తాగి, అలవాటు ప్రకారం గుమ్మంలో ఆగాడు.

"అమ్మా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న బిడ్డా. పైలంగ పో."

రెండడుగులు వేసి ఆగిపోయాడు. తాళంచెవి గూట్లో పెట్టేసి, దూదీ మందూ తెచ్చుకుని కింద కూర్చుని, తల్లి కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. కట్టు విప్పాడు. వేలు లేని చోటు దూదితో మెల్లగా తుడిచాడు.

"ఇన్ని దినాలు మంచిగున్న అని అబద్ధం ఎట్ల చెప్పినవమ్మా?"

"నువ్వు నమ్ముతుంటివి గద బిడ్డా."

అతని కన్నీళ్లు ఆ కాలు మీదే పడ్డాయి. బయట పక్కింటాయన ఆటో అడ్డం తియ్యమని హారన్ కొడుతున్నాడు. సుభాన్ లేవలేదు.

"నొస్తుందా అమ్మా?"

"ఏం లేదు తియ్యి. నీకు గిరాకీకి లేటయితది."

 అతను కాలు అలాగే ఒళ్లో పెట్టుకుని, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. జైతున్ బీ కాసేపు గోడ వైపు చూసింది, కాసేపు కొడుకు నెత్తి మీది నెరిసిన వెంట్రుకలు చూసింది. 

"నొస్తుంది బిడ్డా," అంది ఏడుస్తూ. "బాగ నొస్తుంది."