యజమాని మారినాడా?

"కీబోర్డు మీద అంత కోపమేల మేడం? అది పగిలిందంటే మళ్ళా నేనే రావల్ల."

ప్రింటరు బల్ల కింద దూరి వైరు వెతుకుతున్న కుళ్ళాయప్ప ఈ మాట సరదాగానే అన్నాడు. పైనుంచి జవాబు మాత్రం సరదాగా రాలేదు.

"నువ్వొచ్చింది ప్రింటరు కోసం కదప్పా. దాని సంగతి చూడు."

ఎవరా అని అతను తల ఎత్తబోయాడు. బల్ల అంచు ఠంగున నెత్తికి తగిలింది. అప్పుడు నవ్వింది ఇంద్రాణి. నవ్వకూడదని పెదవి బిగబట్టి, బిగబట్టలేక నవ్వింది. కుళ్ళాయప్పకు టవర్ క్లాక్ దగ్గర చిన్న రిపేరు షాపు ఉంది. ఊళ్ళో చాలా ఆఫీసుల ప్రింటర్లు అతని చేతి మీదుగా పోయినవే. ప్రింటరు బాగయ్యాక కూడా అక్కడే ఉండిపోవాలనిపించడం మాత్రం అదే మొదటిసారి.

అది గొర్రెల పెంపకందార్ల సంఘం ఆఫీసు. అనంతపురంలో ఒక మిద్దె మీద రెండు గదులు, గదికొక ఫ్యాను. గొర్రెకు బీమా చేయించాలంటే దాని చెవికి నంబరున్న బిళ్ళ వేసి, ఆ వివరాలు ఇక్కడి కంప్యూటరులో ఎక్కించాలి. ఎక్కించేది ఇంద్రాణి. ఆమె కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది.

"చేతికి ఏమయింది?"

"దాసప్ప."

"ఎవరాయన?"

"గార్లదిన్నె పక్క పల్లెలో గొర్రెలాయన. పొద్దున్నుంచి ఆయన పేరే కొడతాండా. పేరు, వాళ్ళ నాయన పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు. మళ్ళా ఇంకో గొర్రె. మళ్ళా దాసప్ప."

"గొర్రె గొర్రెకీ మొదటి నుంచి కొట్టల్లనా?"

"కొట్టల్ల. గొర్రె మారతాది, దాసప్ప మారడు. పోయి మంద అమ్ముకోమని చెప్పు, నా చెయ్యి బాగయితాది."

కుళ్ళాయప్ప స్క్రీన్ వైపు వంగి చూశాడు. ఎప్పుడో ఎవరో చేసిపెట్టిన పాత డేటాబేస్ ఫారం. గొర్రెకొక పేజీ. ప్రతి పేజీ ఖాళీగా తెరుచుకుంటుంది. మనుషుల మణికట్ల గురించి ఆలోచించని వాడెవడో చేసి ఉంటాడు అనుకున్నాడు.

"మీరు అన్నం తినిరాండి. అంతలో దీని పని చూస్తా."

మేనేజరు లక్ష్మీపతి పక్క గదిలోంచి తొంగి చూశాడు. "దుడ్లు అడగగూడదప్పా. ప్రింటరుకే ఇస్తా."

"అడగన్లే సార్."

ఆమె తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ఒక గొర్రె వివరాలు సేవ్ కాగానే యజమాని పేరు, ఊరు, మండలం, ఫోను అన్నీ వాటంతటవే తర్వాతి పేజీలోకి వచ్చి కూర్చుంటున్నాయి. ఆమె బిళ్ళ నంబరు, వయసు, రంగు కొడితే చాలు. ఇంద్రాణి ఒక గొర్రె ఎక్కించింది. ఇంకొకటి ఎక్కించింది. దాసప్ప పేరు పిలవకుండానే వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి వదిలి, మణికట్టుకున్న గుడ్డ విప్పేసింది.

"ఇంత సులభమా ఇది?"

"అంతే."

"మరి నేను ఇన్నాళ్ళూ చెయ్యి విరగ్గొట్టుకున్నది ఏంటికి?"

"నేను రాలేదని," అన్నాడు కుళ్ళాయప్ప. అని, తనకు ఇంత ధైర్యం ఎక్కడిదా అని తానే ఆశ్చర్యపోయాడు.

ఆ తర్వాత ఆ ఆఫీసులో వస్తువులన్నీ వరసపెట్టి పాడవడం మొదలైంది. ఒకరోజు మౌస్, ఒకరోజు స్పీకరు. స్పీకరుతో అక్కడ ఎవరికీ పనిలేదు, అయినా అతను దాన్ని శ్రద్ధగా బాగుచేశాడు. వచ్చేటప్పుడు ఉగ్గాని బజ్జీ పొట్లం, టీ ఫ్లాస్కు తెచ్చేవాడు. దుడ్లు అడగడం లేదు కాబట్టి లక్ష్మీపతికి ఏ అభ్యంతరమూ లేదు, పైగా బజ్జీల్లో వాటా కూడా ఉంది.

బజ్జీలు తింటూనే ఒకరోజు ఇంద్రాణి తన సంగతి చెప్పింది. చిలమత్తూరులో ఆమెకు మేనత్త కొడుకు ఉన్నాడు. ఉద్యోగం ఉన్నంతవరకు పెళ్ళిమాట ఎత్తనని వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయిన రోజే చిలమత్తూరు.

"ఆ బావ మంచోడు కాదా?" అన్నాడు కుళ్ళాయప్ప, మంచోడు కాకూడదని గట్టిగా కోరుకుంటూ.

"మంచోడే. ఆయనతో మాట్లాడతాంటే నాకు నిద్రొస్తాది."

కుళ్ళాయప్పకు ఆ బజ్జీ అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ ఉద్యోగం చల్లగా ఉండాలని ఆ రోజు నుంచి అతను ఆమెకంటే ఎక్కువగా కోరుకున్నాడు.

తొలకరి పిడుగులు పడ్డ వారంలో నల్లమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. భుజాన కంబళి, చేతిలో కర్ర, మొహాన మంట. దాసప్పది, ఆమెది ఒకే పల్లె.

"ఏం పాపా, నా గొర్రెలు దాసప్పవి ఎప్పుడైనాయి?"

కుళ్ళాయప్ప చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. విషయం ఏమిటంటే, పిడుగు పడి నల్లమ్మ గొర్రెలు కొన్ని చచ్చిపోయాయి. ఆమె బిళ్ళల నంబర్లు చెప్పి బీమా కంపెనీకి ఫోను చేయించింది. కంపెనీవాళ్ళు వాళ్ళ దగ్గరున్న నంబరుకు తిరిగి చేస్తే, ఫోను ఎత్తింది దాసప్ప. నీ గొర్రెలు పోయాయట కదా అంటే, ఆయన హడలిపోయి దొడ్డికి పరుగెత్తాడు. ఆయనవన్నీ నింపాదిగా నెమరేసుకుంటున్నాయి.

ఇంద్రాణి వెనక్కి వెనక్కి పేజీలు తిప్పింది. దాసప్ప ఈమధ్య కొత్తగా చేర్చిన గొర్రెలు అయిపోయాయి. తర్వాతి పేజీ నుంచి నల్లమ్మ మంద. పైన పేరు మాత్రం దాసప్ప. ఆ పేరు అలాగే కింది గొర్రెకు, దాని కింది గొర్రెకు, చివరి గొర్రె దాకా వచ్చేసింది.

ఆ రోజు ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆమె మంద మార్చేవేళకి అతను పొట్లం విప్పాడు. చిలమత్తూరు బావ ముచ్చట జరిగింది ఆ రోజే.

లక్ష్మీపతి మొహం ఎర్రబడింది. "జాబితా కంపెనీకి పోయింది. సాయంత్రం వాళ్ళ డాక్టరు చూసేదానికి వస్తాండాడు. ఆ లోపల యజమానులిద్దరూ సంతకం పెట్టి, ఇది పొరపాటని చెబితే సరి. లేదంటే ఈమెకు పైసా రాదు. నేను కూడా ఈ పాపను పెట్టుకోలేనప్పా, పైవాళ్ళు నన్ను అడుగుతారు."

"తప్పు నాది సార్," అన్నాడు కుళ్ళాయప్ప. "పేరు అట్ల వచ్చేటట్ల చేసింది నేను."

"పేరు చూడకుండా ఎంటర్ కొట్టింది నేను," అంది ఇంద్రాణి.

"తప్పు తర్వాత పంచుకోండి. ముందు దాసప్పతో సంతకం తెండి."

నల్లమ్మ కర్ర నేలకు తాటించింది. "వాడు పెట్టడు. నా పొట్టేలు వాని పొట్టేలు కొమ్ము విరిచినప్పటి నుంచి మాకు మాటల్లేవు."

కుళ్ళాయప్ప బైకు మీద నల్లమ్మ, ఇంద్రాణి వెనక కూర్చున్నారు. గార్లదిన్నె దాటాక ఇంద్రాణి మెల్లగా అంది, "మా నాయనకు ఏం చెప్పల్లో తెలీడం లేదు." ఆమె చేతినొప్పి తీర్చబోయి ఆమెను చిలమత్తూరు బస్సెక్కిస్తున్నానా అనుకున్నాడు కుళ్ళాయప్ప.

దాసప్ప గుట్ట కింద మంద మేపుతున్నాడు. నల్లమ్మ దూరంగానే ఆగి, ఒక బండ మీద అటు తిరిగి కూర్చుంది. నల్లమ్మ సంతకం పెట్టిన కాగితం తీసి కుళ్ళాయప్ప సంగతంతా చెప్పాడు. దాసప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుని, తాపీగా విని, తల అడ్డంగా తిప్పాడు.

"పెట్టను."

"అన్నా, ఆ గొర్రెలు నీవి కాదని నీకు తెలుసు కదా."

"తెలుసు. నా మందకు కుడి చెవి కొన కోస్తా. వాళ్ళది ఎడమ చెవికి నడాన గాటు. మా తాతల నుంచి అంతే. మీరు ఏం పేరు రాసుకున్నా చెవి జూస్తే తెలిసిపోతాది. చచ్చిన గొర్రెల దుడ్లు నాకేల? అయినా ఆమె వచ్చి అడగల్ల కదా. నోరు లేదా?"

"నేనేల అడగల్ల?" అని బండ మీదినుంచి గొంతు వచ్చింది. "రాసింది వాళ్ళు."

ఇంద్రాణి ముందుకొచ్చింది. "రాసింది నేనే మామా. మాటల్లో పడి పేరు మార్చలేదు. ఆమె తప్పేమీ లేదు."

"ఆమెను మాటల్లో పెట్టింది నేనన్నా," అన్నాడు కుళ్ళాయప్ప.

"నువ్వు పెడితే మాత్రం, నేను స్క్రీన్ చూడొద్దా?"

"నేను బజ్జీలు తేకపోతే నువ్వు చూస్తాంటివి కదా."

"బజ్జీలు తినింది నేను కదా."

దాసప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మీసాల చాటున నవ్వు దాచుకుంటున్నట్టు తెలిసిపోతోంది. బండ మీద నల్లమ్మ కూడా ఇటు తిరిగింది.

"అంటే మీ ప్రేమ వచ్చి నా గొర్రెల మీద పడిందా?" అంది.

ఇంద్రాణి చటుక్కున తల దించుకుంది. కుళ్ళాయప్ప కాదనలేదు.

మబ్బు కమ్ముకొస్తోంది. దాసప్ప మంద వైపు తిరిగి ఎదురుచూశాడు. చాలాసేపటికి నల్లమ్మ బండ దిగి, కంబళి సర్దుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది.

"ఆ పొట్టేలుకు కొమ్ము ఎట్లుండాది ఇప్పుడు?"

దాసప్ప తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మానిండాది. వంకరగా మానిండాది గానీ, బాగుండాది." కుళ్ళాయప్ప వైపు చెయ్యి చాపాడు. "ఇటియ్యప్పా ఆ కాగితం."

ఆయన సంతకం పెడుతుండగానే మొదటి చినుకు పడింది. కాగితాన్ని కుళ్ళాయప్ప చొక్కాలోకి దూర్చుకున్నాడు. దాసప్ప తన కంబళి తీసి ఇంద్రాణికి ఇచ్చాడు. "తడవగాకు పాపా. జ్వరమొస్తే ఆ మత్తులో మళ్ళా ఎవుని పేరు మీద రాస్తావో."

సాయంత్రం కంపెనీ డాక్టరు నల్లమ్మ దొడ్డి దగ్గర గొర్రెల చెవులు చూశాడు. ఎడమ చెవికి నడుమ గాటు, పక్కనే బిళ్ళ. పక్కన నిలబడి దాసప్పే అన్నీ చెప్పాడట. డాక్టరు తృప్తిగా రాసుకుని వెళ్ళాడని నల్లమ్మ ఫోను చేసినప్పుడు, ఆఫీసులో లక్ష్మీపతి కుర్చీలో కూలబడి రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. ఇంద్రాణి కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కాదది, పొద్దున్నుంచి బిగబట్టుకున్న భయం దిగిపోవడం. కుళ్ళాయప్ప అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"ఇంగ ఆ వచ్చే పేరు తీసెయ్యప్పా. పాత ఫారమే మేలు," అన్నాడు లక్ష్మీపతి.

"వద్దు సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ సాయంత్రమే కుళ్ళాయప్ప ఫారాన్ని దిద్దాడు. పేరు మునుపటిలాగే తనంతట తాను వస్తుంది. అయితే బల్లమీద పని ఏ కొంచెం సేపు ఆగినా, తర్వాతి గొర్రెకు ముందు తెర మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక ప్రశ్న నిలబడుతుంది: యజమాని మారినాడా? అవును అంటే పైనున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. లేదు అంటే అవే వివరాలు. జవాబు చెప్పకుండా ముందుకు పోవడానికి లేదు. లక్ష్మీపతి రెండుసార్లు నొక్కి చూసి తల ఊపాడు. ఆ ఊపుతో ఇంద్రాణి ఉద్యోగం నిలబడింది.

వాన తగ్గలేదు. మెట్ల కింద ఇద్దరూ నిలబడ్డారు. ఆమె బస్సుకు ఇంకా టైముంది.

"ఒక మాట చెప్పల్ల," అన్నాడు కుళ్ళాయప్ప.

"చెప్పు."

"రోజూ నీ దగ్గరికి రావాలంటే ఏదో ఒకటి పాడయినట్టు చెప్పాల్సొస్తాండాది. ఇంగ పాడయ్యేదానికి మీ ఆఫీసులో ఏమీ మిగల్లేదు."

"స్పీకరు పాడయిందన్నరోజే నాకు తెలుసు. దానికి వైరే లేదు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"బజ్జీలు బాగుండె."

అతను వానలోకి చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "ప్రతి రోజూ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, నిన్న ఉన్నదే ఈ రోజుకూ, ఈ రోజు ఉన్నదే రేపటికీ అట్లే వచ్చేస్తే బాగుంటాది ఇంద్రాణీ. నువ్వు నాకు కావాల."

ఆమె కంబళి అంచు వేలికి చుట్టుకుంది. "మా నాయనతో మాట్లాడేదానికి నీకు ధైర్యముందా?"

"లేదు."

"నాకూ లేదు," అంది, అంటూనే నవ్వేసింది.

ఆ ధైర్యం వాళ్ళు కూడగట్టుకునేలోపే పని జరిగిపోయింది. మరుసటి వారం ఇంద్రాణి నాయన లింగప్ప ఆఫీసు మెట్లెక్కాడు. ఆయనా గొర్రెలవాడే. నల్లమ్మ సంతలో కనబడి అంతా చెప్పేసిందట. లింగప్ప కుర్చీలో కూర్చోకుండా కుళ్ళాయప్పను పైనుంచి కిందికి చూశాడు.

"బజ్జీలు తెచ్చేది నువ్వేనా?"

"నేనే మామా." ఆ 'మామా' నోట్లోంచి జారాక కుళ్ళాయప్ప నాలుక కరుచుకున్నాడు.

"నల్లమ్మ చెప్పింది. తప్పు నాదంటే నాదని ఇద్దరూ కొట్లాడినారంట. మా ఇంట్లో నేనూ నా పెండ్లామూ ఇన్నేండ్లుగా నీదంటే నీదని కొట్లాడతాండాము." లింగప్ప గొంతు సర్దుకున్నాడు. "ఆదివారం మీ అమ్మను పిల్చుకొని ఇంటికి రా. చిలమత్తూరోళ్ళకు నేను చెప్పుకుంటాలే."

ఆయన మెట్లు దిగిపోయిన చప్పుడు పూర్తిగా ఆగింది. తర్వాత పక్క గదిలోంచి లక్ష్మీపతి, "పెండ్లికి కూడా బజ్జీలేనా అప్పా?" అన్నాడు.

ఇంద్రాణి కంప్యూటరు వైపు తిరిగింది. ఇంతసేపూ పని ఆగింది కాబట్టి తెర మధ్యలో ఆ ప్రశ్న వచ్చి నిలబడి ఉంది. ఆమె దాన్ని చూసి, భుజం మీదుగా కుళ్ళాయప్పను చూసింది.

"మారినావా?"

"లేదు."

"రేపు?"

"లేదు."

"అట్లయితే అవే వివరాలు," అంది ఇంద్రాణి, ఎంటర్ నొక్కింది.