పై గది చుట్టాలు

"తనిఖీకి వచ్చానమ్మా" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ యువకుడు.

ముందుగదిలో కుట్టుమెషీను కటకటమంటోంది. ఆ మోతలో బొత్తాలమ్మకి వినపడ్డది వేరు.

"సఖికా? ఏ సఖి నాయనా? ఈ ఇంట్లో సఖులెవరూ లేరు. ఉన్న ఆడవాళ్ళం ఇద్దరం. కోడలికి మొగుడున్నాడు, నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి."

ఆ గదిలో కూర్చుని ముప్పై ఏళ్ళుగా వీధి వీధంతటికీ బట్టలు కుట్టిందేమో, ఆవిడ అసలు పేరు అందరూ మరిచిపోయి బొత్తాలమ్మ అనే ఖాయం చేశారు. సరిగ్గా అప్పుడే, లిఫ్టులు బాగుచేసే శిక్షణకని వచ్చి పై గదిలో దిగిన అమ్మాయి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. "వెళ్ళొస్తానత్తయ్యా!" అంటూ వీధిలోకి నడిచింది.

ఓహో, సఖి ఇదన్నమాట అనుకుంది బొత్తాలమ్మ. "అది మా మేనకోడలు. దానికోసమే వచ్చుంటే ఇటునుంచి ఇటే దయచెయ్యి" అంది.

పాపం ఆ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "సఖి కాదండీ, త-ని-ఖీ! నగరపాలక కార్యాలయం నుంచి వచ్చాను. రోజువారీ అద్దెకిచ్చే గదులు చూసిపోవాలి."

సఖి పోయింది, గుండె దడ వచ్చింది. పై గదిని వచ్చేపోయేవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టిన రోజుల్లో కొడుకు ఆవిడకి ఒకటే మాట నూరిపోశాడు. "రూల్సు ఇంకా తేలలేదమ్మా. ఎవరడిగినా మా చుట్టాలని చెప్పు." బొత్తాలమ్మ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. ఒకప్పుడు కొలత చూసి చొక్కా కుట్టినట్టే ఇప్పుడు మొహం చూసి వరస కుట్టడం మొదలుపెట్టింది. ముసలాయన వస్తే బావగారు, జంట వస్తే మరిదీ తోటికోడలూ. వచ్చినవాళ్ళకి కూడా ఆ వరసలు నేర్పి మరీ పిలిపించుకునేది.

"అద్దె ఏమిటి బాబూ? వచ్చేవాళ్ళంతా మా చుట్టాలే" అంది.

"అందరూనా?"

"అందరూనూ! మాది పెద్ద బలగం. ఒకరు వెళ్ళేసరికి ఇంకొకరు దిగుతారు."

కుర్రాడి మొహంలో నవ్వు తగ్గింది. "పై గదికి మీ కోడలి పేర అనుమతి ఉందమ్మా. అయినా దిగినవాళ్ళని చుట్టాలంటున్నారంటే, లెక్కలో చూపకుండా మనుషుల్ని పెడుతున్నారనే కదా అర్థం? సాయంత్రం మళ్ళీ వస్తాను, అందరూ ఉండండి. సరైన జవాబు లేకపోతే అనుమతి రద్దవుతుంది."

"అనుమతా? ఏ అనుమతి?" అని ఆవిడ అడిగేసరికి అతను గేటు దాటేశాడు.

డాబా మీంచి ఆరిన దుప్పట్లతో దిగిన కోడలు సంగతి విని నిలువునా నీరైపోయింది.

"ఎంత పని చేశారత్తయ్యా! మనమేమైనా దొంగచాటుగా ఇస్తున్నామా? పర్మిషన్ పోయినేడే వచ్చింది. ఇరుగుపొరుగుని అడిగి, వాళ్ళు అభ్యంతరం లేదన్నాకే ఇచ్చారు. దిగిన ప్రతి మనిషి పేరూ పంపిస్తున్నాను, పన్ను కడుతున్నాను. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు మానుకుని ఈ గదినే నా ఉద్యోగం చేసుకున్నాను. ఇప్పుడిది పోతే నేనేం కావాలి?"

"నాకెవరు చెప్పారే?"

"మీ అబ్బాయి! చెప్పేశానన్నారుగా నాతో!"

ఇంకో రోజైతే, ఉన్న పన్ను ఊడే వయసులో ఈ కొత్త పన్నేమిటే అని బొత్తాలమ్మ నలుగురినీ నవ్వించేది. ఇవాళ ఆవిడ మనసు పొరుగిళ్ళ మీదికి పోయింది. ఇరుగుపొరుగుని అడిగారంటే వీధికంతా తెలుసన్నమాట. మొన్న ఎదురింటావిడ "మీకు చుట్టాలు జాస్తే!" అని ఎందుకు నవ్విందో ఇప్పుడర్థమైంది.

కొడుకు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. కబురందుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. తల్లి మెషీను ముందే కూర్చుని ఉంది, కుట్టడం లేదు.

"ఊరందరి కళ్ళకీ అద్దాలు పెడతావు. నా కళ్ళకి గంతలు కట్టావేంరా?"

"చెబుదామనే అనుకున్నానమ్మా..."

"ఎప్పుడు? నా కళ్ళు మూతలు పడ్డాకా?"

అతను భార్యవంక చూశాడు, నేలవంక చూశాడు, చివరికి కక్కాడు. "పర్మిషన్ వచ్చినప్పుడే, రెండో గదికి కూడా ఇస్తామన్నారు. ఈ ముందుగది కూడా ఇస్తే బాగుంటుందనిపించింది. నిన్ను వెనక గదిలోకి మారమని అడగాలి. పర్మిషన్ మాటెత్తితే ఆ మాటా ఎత్తాలి. నోరు రాలేదు. ఇవాళా రేపూ అంటూ..."

"ఈ గది కావాలని నేనెప్పుడన్నానండీ?" కోడలు తెల్లబోయింది.

"నువ్వనలేదు. ఒక్క గదితో చాలక మళ్ళీ రాత్రి డ్యూటీలకి పోతావేమోనని నా భయం."

బొత్తాలమ్మ మెషీను మీద గుడ్డ కప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "నన్ను అడిగుంటే ఏమనేదాన్ని?"

"వద్దనేదానివి."

"అవును, వద్దనేదాన్నే. నా కాళ్ళు ఎక్కడికీ కదలవు. ఈ కిటికీలోంచే నాకు నలుగురూ కనబడేది. వద్దంటే సరేనని ఊరుకునేవాడివి, అక్కడితో అయిపోయేది. ఆ ఒక్క 'వద్దు'కి జడిసి, నన్ను వీధిలో అబద్ధాలకోరుని చేశావు కదరా!"

ఆవిడ చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కోడలు వచ్చి పక్కన నేలమీద కూలబడింది. "నాదీ తప్పుందత్తయ్యా. రోజూ మీ కళ్ళెదుటే దుప్పట్లు మడతపెట్టాను. మీకు తెలుసా అని ఒక్కనాడూ అడగలేదు."

ఆవిడ కొంగు చాటునుంచే కోడలి తల నిమిరింది.

సాయంత్రం తనిఖీ కుర్రాడు వచ్చేసరికి ముందుగదిలో అందరూ ఉన్నారు, లిఫ్టుల అమ్మాయితో సహా. కొడుకే ముందుకొచ్చాడు.

"సార్, చుట్టాలని చెప్పమంది నేనే. అది రూల్సు రాకముందు మాట. పర్మిషన్ వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకోలేదు, అసలు పర్మిషన్ వచ్చిందనే మా అమ్మకి చెప్పలేదు. చెప్పానని మా ఆవిడతో అబద్ధమాడాను. ఇందులో వీళ్ళిద్దరి తప్పూ లేదు."

"నా పేరు రాసుకున్నారు సార్, రసీదు కూడా ఇచ్చారు" అంది లిఫ్టుల అమ్మాయి. "అత్తయ్యా అని పిలవమంటే, ఇక్కడి మర్యాద అంతేనేమో అనుకున్నాను."

కుర్రాడు ఫోనులో కోడలు పంపిన పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాడు. వినపడ్డ ప్రతి పేరుకీ బొత్తాలమ్మ తన వరస చెబుతూ పోయింది. ఈయన బావగారు, ఈవిడ పిన్నత్తగారు, ఇతను పాపం అల్లుడు వరస. ఒక్క చుట్టమూ తగ్గలేదు.

"అంటే మీరు చెప్పిన బంధువులందరికీ మీ కోడలు పన్ను కట్టేసిందన్నమాట!" ఈసారి అతను పైకే నవ్వేశాడు. "అనుమతికేం ఢోకా లేదమ్మా. ఇకనుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు."

"ఉన్నదేమిటో నాకు తెలిస్తే కదూ!" అంది బొత్తాలమ్మ. "ఆ రూల్సేమిటో నువ్వైనా మొదటినుంచీ చెప్పు బాబూ."

అతను నోరు తెరిచేలోగా కొడుకు అడ్డుపడ్డాడు. "మీరాగండి సార్. అది నేను చెప్పాలి."

స్టూలు లాక్కుని తల్లికి ఎదురుగా, ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"పోయినేడు అమ్మా, ఆఫీసు నుంచి మనింటికి ఒక మనిషి వచ్చాడు. నువ్వా రోజు నిద్రలో ఉన్నావు. నేను లేపలేదు..."