తెల్ల రిబ్బను మడులు

పక్కింటి ఉషకి పోస్టు తెచ్చే ఆవిడ చెప్పిందట: ప్రొఫెసర్ సూర్యప్రకాశ్ దగ్గర రిసెర్చి చేసే విద్య, ఆయన తిట్టాడన్న కోపంతో అడవికే మందు పెట్టిందని. ఆ కబురు మోసుకొచ్చిన జగన్మోహన్ ఇంకా కూర్చోనైనా లేదు, సూర్యప్రకాశే వచ్చి తలుపు కొట్టాడు.

వెర్మాంట్‌లో లైసెన్సున్న డిటెక్టివ్ వసుమతి. కారు నడపడం, నోట్సు రాయడం, ఆవిణ్ణి చూసి ఆశ్చర్యపోవడం ఆవిడ మొగుడు జగన్మోహన్ పని.

సూర్యప్రకాశ్ చెప్పింది ఇదీ. అడవిలో వాళ్ళ రిసెర్చికి పదహారు మడులున్నాయి. ఎర్ర రిబ్బను కట్టినవాటికి నాలుగేళ్ళుగా కొలిచి యూరియా ఇస్తున్నారు, తెల్ల రిబ్బనువాటికి ఏమీ వెయ్యరు. ఈ వేసవిలో తెల్లవాటిలోనూ గడ్డి ఏపుగా లేచి, నాచు మాడి, బ్లూబెర్రీ ఆకులు మచ్చలు పడ్డాయి. యూరియా ఉంచే షెడ్డు తాళంచెవులు రెండే: ఒకటి విద్య దగ్గర, ఒకటి తన వంటింటి మేకుకి. సోమవారం యూనివర్సిటీకి ఉత్తరం ఇస్తే ఆ పిల్ల డిగ్రీ, వీసా రెండూ పోతాయి. ఇచ్చేముందు నిజం తేలాలి.

వాళ్ళింట్లో కాఫీ ఇచ్చింది సూర్యప్రకాశ్ అత్తగారు శేషారత్నం. తెనాలి దగ్గర నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి, ఏప్రిల్లో కూతురి దగ్గరికి వచ్చింది. కిటికీలో చిక్కుడు తీగని మెలికల మెలికల తెల్లదారంతో పైకి కట్టింది. వసుమతి కాఫీకన్నా ఆ దారాన్నే ఎక్కువసేపు చూసింది.

షెడ్డులో మూడు యూరియా బస్తాలు. రెండింటి మూతి కత్తెరతో కోసి ఉంది. మూడోదానికి కుట్టు మొత్తం ఊడొచ్చింది, సంచికి గాటు లేదు.

"మందు ఎలా వేస్తావమ్మా?" అని వెంట వచ్చిన విద్యని అడిగింది వసుమతి.

"బకెట్లో డిజాల్వ్ చేసి స్ప్రే చేస్తాను ఆంటీ. అంతటా ఈవెన్‌గా," అంది విద్య, కళ్ళు తుడుచుకుంటూ.

శనివారం అందరినీ తెల్ల రిబ్బను మడి దగ్గర నిలబెట్టింది వసుమతి.

"గడ్డి చూడండి. నెలవంకల్లా లేచింది, అడుగుకొక వంక. స్ప్రే అలా పడదు. నడుస్తూ గుప్పిటతో చల్లిన చెయ్యి ఇది. బస్తా కుట్టుని ఒక్క లాగుతో విప్పడం రైతుకే తెలుసు. ఆ దారం ఇప్పుడు చిక్కుడు తీగకుంది. అవునా, పిన్నిగారూ?"

జగన్మోహన్ రాయడం మరిచిపోయాడు.

"నేనే వేశాను, నన్నెవరైనా అడిగితే కదా," అంది శేషారత్నం. "సగం మడులకి వడ్డించి సగం మడుల్ని పస్తు పెట్టారు. ఆ పంక్తిభేదం చూడలేకపోయాను."

సూర్యప్రకాశ్ జేబులోని ఉత్తరం తీసి చింపి, విద్యకి సారీ చెప్పాడు. ఆ తర్వాత అత్తగారికి నిదానంగా వివరించాడు. కార్ల పొగలోంచీ, చిమ్నీల్లోంచీ యూరియాలో ఉండే ఈ సత్తువే వానలో కలిసి అడవి మీద పడుతోందనీ, అది మితిమీరితే గడ్డి బలిసి నాచునీ, బ్లూబెర్రీనీ తొక్కేస్తుందేమో చూడ్డానికే ఈ మడులనీ, తెల్లవాటికి వాన తెచ్చింది తప్ప మరేదీ తగలకూడదనీ చెప్పాడు.

శేషారత్నం అంతా విని, చెట్ల అవతల రోడ్డు మీద నిలబెట్టిన మూడు కార్ల వంక చూసింది.

"నేను నాలుగు గుప్పెళ్ళు చల్లితే డిటెక్టివుని పిలిచారు. అవి రోజూ చల్లుతున్నాయిగా, వాటికెవర్ని పిలిచారు అల్లుడుగారూ?"