హార్డ్ డ్రైవ్‌లోకి రాని ఫొటో

ఉదయం తొమ్మిదీ పదికి బోధన్‌లో, మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టు నడిపే హన్మాండ్లు చేతిలో గ్లాసుతో సహా కూలిపోయాడు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. టీ కోసం చెయ్యి చాపిన ఏజెంట్ మల్లికార్జున్‌కు అతను చెప్పగలిగింది నాలుగు ముక్కలే.

"కొంగ... ఫిబ్రవరిల దీక్షిత పెండ్లికి వచ్చిండు. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. జమీర్ ఫొటోలల్ల... సూడు సార్."

పావుగంటలో డైరెక్టర్ లైన్లోకి వచ్చాడు.

"హన్మాండ్లు?"

"పోయాడు సార్. కొంగ ముఖం ఫొటోగ్రాఫర్ జమీర్ తీసిన ఓ పెళ్లి ఫొటోలో ఉందట. ఎడమ చేతికి నాలుగే వేళ్లట."

కొంగ అన్నది కోడ్ నేమ్. మన ఏజెంట్ల పేర్లను విదేశాలకు అమ్మే ముఠాకు అతనే పెద్ద. మూడు దేశాల పోలీసుల దగ్గర అతని మీద బీరువాల కొద్దీ ఫైళ్లున్నాయి. ఫొటో ఒక్కటీ లేదు.

"సాయంత్రం అయిదింటికి నిజామాబాద్ రైల్వే స్టేషన్లో మన విష్ణు అతన్ని కలుస్తున్నాడు, పేర్లు అమ్మేవాడి వేషంలో. వాళ్లకు విష్ణు సంగతి తెలిసిపోయింది. అది మీటింగ్ కాదు, ఉచ్చు."

"వెనక్కి పిలవండి సార్!"

"రెండ్రోజులుగా ఫోన్ ఆఫ్. ఎక్కడున్నాడో నాకే తెలీదు. స్టేషన్లో మనవాళ్లు నలుగురుంటారు. వాళ్లు విష్ణు వైపు అడుగేస్తే కొంగ అక్కడికక్కడే కాల్చేస్తాడు. కొంగ ఎవరో తెలిస్తేనే ముందు అతన్ని పట్టుకోగలరు. ఒరిజినల్ ఫొటోలన్నీ హార్డ్ డ్రైవ్‌లోకి దించు. స్టూడియో వెనక సందులో మన వ్యాన్ ఉంటుంది. అందులోని మెషీన్ నాలుగు వేళ్ల చేతిని పది నిమిషాల్లో పట్టేస్తుంది. నెట్‌లో మాత్రం ఏదీ పంపకు."

విష్ణును ఈ పనిలో పెట్టింది మల్లికార్జునే. పాతికేళ్ల కుర్రాడి భుజం తట్టి, "సాయంత్రానికి వచ్చేస్తావోయ్" అని పంపాడు.

పదకొండింటికి కేబుల్ మెకానిక్ వేషంలో, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బాతో జమీర్ స్టూడియో మెట్లెక్కాడు. డబ్బా పైగిన్నెలో పులిహోర. కిందిగిన్నెలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్.

బోధన్ చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఫొటోలు జమీర్‌వే. గుర్తింపు కార్డు చూడగానే అతని చేతిలోని లెన్స్ మూత జారి పడింది.

"ఫొటోలు ల్యాప్‌టాప్‌లనే ఉన్నయి సార్. సూడుండ్రి."

ఉన్నాయి. మొత్తం 31,412. మల్లికార్జున్ ఒకదాన్ని పెద్దది చేశాడు. పెళ్లికొడుకు ముఖం పులిసిన మజ్జిగలా మసకబారింది. వేళ్లు కాదు కదా, చేతులే కనపడలేదు.

"ఇవి నీడలు సార్. జాగ సరిపోక అసలువి క్లౌడ్‌ల పెట్టిన. అన్నీ కిందికి దించాలె."

"దీక్షిత పెళ్లివి మాత్రం దించండి."

జమీర్ మెడ గోక్కున్నాడు. "కెమెరాల తారీఖు ఎన్నడు సెట్ చెయ్యలే సార్. ఏ పెండ్లి సూసినా జనవరి ఒకటే. అన్నీ కలిసిపోయినయి."

కావాల్సిన ఒక్క ఫొటో కోసం ముప్పై ఒక్క వేల ఫొటోలు దించాలి. ల్యాప్‌టాప్ లెక్క కట్టి చెప్పింది: అయిదు గంటల ఇరవై నిమిషాలు. అంటే నాలుగూ ఇరవై. సరిపోతుంది.

ఒంటిగంటకు కరెంటు పోయింది. నలభై నిమిషాలు రాలేదు. సరిపోతుందా అని మల్లికార్జున్ మళ్లీ లెక్క కట్టాడు. అతని చేతి గడియారంలో కెమెరా ఉంది, పెన్నులో తూటా ఉంది, బూటు మడమలో సైనైడ్ ఉంది. వీటిలో ఏదీ, కాపీ ఎంత దిగిందో చూపే ఆ పచ్చగీతను వేలెడు ముందుకు జరపలేదు. అతను కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

మూడూ ఇరవైకి అతని కళ్లు తెర మూలన ఉన్న అంకె మీద ఆగిపోయాయి.

31,409.

"జమీర్ గారూ, మీరేమైనా తీసేశారా?"

"నేను ముట్టనే లేదు సార్!"

31,402. 31,377. ఎవరో క్లౌడ్‌లోంచే ఫొటోలు చెరిపేస్తున్నారు. డ్రైవ్‌లోకి దిగినవి పదిలం. దిగనివి కళ్లముందే మాయమవుతున్నాయి. డిలీటైనవి చేరే చెత్తబుట్టలో చూశాడు. అదీ ఖాళీ. అంటే చేసేది పని తెలిసినవాళ్లు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. లోపలికి మొదట మల్లెపూల వాసన వచ్చింది, తర్వాత ఎర్ర అంచు పట్టుచీర, ఆ తర్వాత పెళ్లికూతుళ్ల మేకప్ పెట్టె. స్నేహలత. మూడేళ్లుగా మనకూ పనిచేస్తోంది, ముఠాకూ పనిచేస్తోంది. ఎవరికి ఎక్కువ చేస్తుందో డైరెక్టర్‌కే అంతుబట్టలేదు.

"చెరుకురసంలో అల్లం వేశారా?" అడిగాడు మల్లికార్జున్.

"నిమ్మకాయే ఉంది," అందామె.

కోడ్ సరిపోయింది. అయినా అతను పెన్ను ఆమె వైపే గురిపెట్టాడు. "డిలీట్ చెయ్యడం ఆపు."

స్నేహలత తెర వైపు చూసింది. ఆమె ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనపడింది.

"నాలుగున్నరకు మొత్తం చెరిపెయ్యమని నాకు ఆర్డర్. కానీ నేనింకా మొదలే పెట్టలేదు."

"అబద్ధం."

"పొద్దున హన్మాండ్లు పోయాడని నాకు మధ్యాహ్నం తెలిసింది. మూడేళ్లు నాకు చక్కెర తక్కువ టీ ఇచ్చిన మనిషి. చంపుతామని నాతో ఒక్క మాట అనలేదు వాళ్లు." పెట్టె కింద పెట్టింది. "నేను కొంగను చూడలేదు. చూసుంటే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు."

31,140.

జమీర్ ఆ అకౌంట్ వాడుతున్న ఫోన్ల జాబితా తెరిచాడు. ఒకటి ల్యాప్‌టాప్. రెండోది అతని ఫోన్. మూడోది...

"యా అల్లా. మా అమ్మీ!"

హుసేన్ బీ. అరవై ఆరేళ్లు. అన్ని ఇండ్లవాళ్లకూ సంబంధాలు చూసిపెట్టే మనిషి. కొడుకు తీసే పెళ్లి ఫొటోలే ఆమెకు సరుకు. అందులో ఈడొచ్చినవాళ్లను ఏరుకుంటుంది. అందుకే ఇంటిల్లిపాదికీ ఒకే అకౌంట్, అదీ అమ్మీ నంబరు మీద. ఇప్పుడామె రెంజల్‌లో ఓ చుట్టాలింట్లో కూర్చుని ఫోన్ శుభ్రం చేసుకుంటోంది.

"ఆమె ఫోన్‌ను అకౌంట్‌లోంచి తీసెయ్యండి!"

జమీర్ నొక్కాడు. ఆరంకెల ఓటీపీ అడిగింది. ఓటీపీ వెళ్లింది అమ్మీ ఫోన్‌కే.

"ఫోన్ చెయ్యండి. స్పీకర్ మీద, తెలుగులో. ప్రతి మాటా నాకు అర్థం కావాలి," అన్నాడు మల్లికార్జున్. అతనిది రాజోలు. ఉర్దూ రాదు.

అదే అతను చేసిన తప్పు.

"అమ్మీ, నేను జమీర్‌ను. ఫొటోలు తీసుడు ఆపు. నీకో ఓటీపీ వచ్చింది, జెర చెప్పు."



"ఎవడ్రా నువ్వు?" అంది హుసేన్ బీ. "నా కొడుకు నాతోని ఎన్నడన్న తెలుగుల మాట్లాడిండా?"

"అమ్మీ! మై హూఁ, జమీర్!"

"ఓహో, అంటే ఉర్దూ కూడ నేర్సినవా? మొన్న మజహర్ భాయ్‌కి గిట్లనే కొడుకు గొంతుతోని ఫోన్ చేసి ఓటీపీ అడిగిండ్రు. నా కొడుకే చెప్పిండు, సొంత కొడుకు అడిగినా ఇయ్యకు అని. పెట్టెయ్ ఫోన్, దొంగ సచ్చినోడా!"

లైన్ తెగింది. మళ్లీ చేస్తే మోగలేదు. కన్నకొడుకు నంబరును బ్లాక్ చేసేసింది.

30,015. 29,480. ఈసారి వందల లెక్కన పోతున్నాయి. నాలుగూ ఇరవై. నాలుగూ ముప్పై అయిదు. రెంజల్‌కు కారు వెళ్లినా ఇల్లు వెతికేసరికి అయిదు దాటుతుంది. నిజామాబాద్‌లో విష్ణు ఈపాటికి స్టేషన్ మెట్లెక్కుతూ ఉంటాడు. మల్లికార్జున్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. పదిహేనేళ్ల సర్వీసులో ఎన్నో తలుపులు పగలగొట్టాడు. ఇక్కడ పగలగొట్టడానికి తలుపే లేదు.

28,906 దగ్గర అంకె ఆగింది. హుసేన్ బీ పని అయిపోయింది.

"ఏమేం తీసేసిందో ఎలా తెలుస్తుంది?"

"తను ప్రింట్ తీసి పెట్టుకున్నోళ్లవి ఫోన్‌లకెళ్లి తీసేసి, చెత్తబుట్ట గూడ ఖాళీ చేస్తది సార్," అన్నాడు జమీర్ నీరసంగా. "ప్రింట్లు సంచిల ఉంటయి. ఫోన్ ఖరాబైతది, కాగితం కాదు అంటది."

స్నేహలత తల ఎత్తింది. తన ఫోన్ తీసింది.

"ఖాలా, నమస్తే. పెండ్లిపిల్లల మేకప్ చేసే స్నేహలతను. గుర్తుపట్టిన్రా?"

"అరే, నువ్వా బిడ్డా! నిన్నెవ్వరు మర్సిపోతరు!"

"ఒక సంబంధం గురించి ఖాలా. దీక్షిత పెండ్లిల ఒకాయన కనిపించిండు. జెర వయసున్నది. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు."

"దుబాయ్ సేఠ్! ఉన్నడు నా సంచిల. ఫొటో తియ్యకుమని చెయ్యి అడ్డం పెట్టిండు, గా చెయ్యితోనే పడ్డడు. భార్య లేదన్నడు. వేలుదేముంది, రెండో సంబంధానికి వేళ్లు లెక్కపెడ్తరా? ఎవరికి?"

"నాకే," అంది స్నేహలత.

"అట్లనా! మరి నీ ఫొటో పంపు."

"ముందు ఆయనది పంపు ఖాలా."

"లే బిడ్డా. పిల్ల ఫొటో నా చేతికి రానిది పిలగాని ఫొటో నా సంచి దాటది. నలభై ఏండ్ల సంది గిదే."

నాలుగూ యాభై రెండు. మూడేళ్లలో స్నేహలత ఫొటో ఎవరి దగ్గరా లేదు. ముఠా దగ్గరా, మన ఫైల్లోనూ. ఫొటో లేకపోవడం వల్లే ఆమె ఇంకా బతికి ఉంది. అది అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

పంపమని మల్లికార్జున్ ఎలా అడగగలడు? అడగలేదు. ఆమె వెనక ల్యాప్‌టాప్ తెర వైపు వంగి నిలబడ్డాడు, అంతే.

స్నేహలత జడ ముందుకు వేసుకుంది. ఫోన్ చెయ్యి చాచి పట్టుకుంది. క్లిక్‌మంది.

నాలుగూ యాభై నాలుగు. నాలుగూ యాభై అయిదు. టింగ్‌మంది.

పోస్ట్‌కార్డంత ప్రింటు. విస్తరి ముందు కూర్చుని, కెమెరాకు అడ్డంగా నాలుగు వేళ్ల చెయ్యి చాపిన మనిషి. చెయ్యి కాస్త ఆలస్యమైంది. ముఖం మొత్తం పడింది.

నెట్‌లో పంపొద్దన్న ఆర్డర్ మల్లికార్జున్‌కు గుర్తుంది. పంపేశాడు.

అయిదూ ఆరుకు ఫోన్ మోగింది.

"సార్, విష్ణుని. కొంగ జేబులోంచి ఏదో తీస్తుంటే మనవాళ్లు నలుగురూ మీద పడ్డారు. తుపాకీ సార్, జేబులో. నన్నే చూస్తున్నాడు సార్... ఇంటికి పోనా?"

"పోవోయ్," అన్నాడు మల్లికార్జున్.

స్నేహలత మేకప్ పెట్టె తీసుకుని, వెనక సందులోని వ్యాన్ ఎక్కింది. ఈ ఊళ్లో ఆమె ఇక కనపడదు.

అయిదూ పదికి ల్యాప్‌టాప్ ప్రకటించింది: కాపీ పూర్తి. చెరగకుండా మిగిలినవన్నీ హార్డ్ డ్రైవ్‌లోకి వచ్చాయి, కావాల్సిన ఒక్కటే రాలేదు. మల్లికార్జున్ డ్రైవ్ పీకబోతూ ఆగాడు. 28,906 కాస్తా 28,907 అయింది. హుసేన్ బీకి పంపిన ఫొటో ఆమె ఫోన్లోంచి క్లౌడెక్కి, తిరిగి ఇక్కడికే దిగింది. స్నేహలత జడ వెనక, తెర వెలుగులో, పదిహేనేళ్లుగా ఏ కెమెరాకూ చిక్కని ఏజెంట్ మల్లికార్జున్ ముఖం స్పష్టంగా ఉంది.

మూలనున్న ప్రింటర్ దానంతటదే గుర్రుమంది.

"అమ్మీ తన సంచి కోసం ఫోన్‌కెళ్లి ఆర్డర్ కొట్టింది సార్," అన్నాడు జమీర్, బయటికొచ్చిన కాగితాన్ని వెలుగులో పట్టుకుని. "అమ్మాయిది ఒకటి. మీది రెండు కాపీలు."